ఓట్ల లెక్కింపు మీద కోర్టుకు వెళ్లాలంటే: మన వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హన్మకొండలో ఉంటాను. ఏనుమాముల మార్కెట్‌లో జరిగిన కౌంటింగ్‌లలో ఏజెంటుగా, లెక్కింపు టేబుళ్లకు అడ్డంగా కట్టే జాలీ ఇవతల కూర్చున్నాను. ఆ తర్వాత ఓడిపోయినవాళ్ల కాగితాలు సర్దిపెట్టడంలో వకీళ్లకు సాయం చేస్తూ వచ్చాను. ప్రతి ఎన్నిక అయ్యాక భూపాలపల్లి నుంచి, జగిత్యాల నుంచి, ఆసిఫాబాద్ నుంచి ఫోన్లు వస్తాయి. ప్రశ్నలు దాదాపు ఒకటే. బాధ ఏమిటంటే, చాలామంది అడిగేసరికే చేయి దాటిపోయి ఉంటుంది. అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఎక్కువ భాగం అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల గురించి. సర్పంచ్ ఎన్నికల సంగతి చివర్లో ఉంది.

చాలా తక్కువ తేడాతో ఓడిపోయాం. కోర్టుకు వెళ్లడానికి అది చాలదా?

చాలదు. 2018లో ఆసిఫాబాద్‌లో ఆత్రం సక్కు 171 ఓట్లతో గెలిచారు. అదే ఎన్నికల్లో ధర్మపురిలో కొప్పుల ఈశ్వర్ మెజారిటీ 441. ఇంకా వెనక్కి వెళ్తే 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గట్టెక్కారు. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. చట్టానికి ఒక్క ఓటు మెజారిటీ కూడా మెజారిటీయే.

తేడా తక్కువగా ఉంటే చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని తారుమారు చేయగలదు. దానికి ఉన్న విలువ అంతే. ఆ పొరపాటు ఏ టేబుల్ దగ్గర, ఏ రౌండ్‌లో, ఎన్ని ఓట్లకు జరిగిందో చెప్పాల్సింది మీరే. ప్రజా ప్రాతినిధ్య చట్టం 1951లోని 100వ సెక్షన్ ప్రకారం, చెల్లే ఓటును తీసేయడం గానీ చెల్లనిదాన్ని లెక్కలో కలపడం గానీ జరిగిందని చూపిస్తే సరిపోదు. దానివల్ల ఫలితమే మారిందని కూడా రుజువు చేయాలి.

లెక్కింపు రోజే రీకౌంటింగ్ అడగవచ్చా? ఎవరిని అడగాలి?

అడగవచ్చు. అడిగి తీరాలి కూడా. నా అనుభవంలో కేసు బతికేదీ చచ్చేదీ ఇక్కడే.

1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 63వ నియమం దీనికోసమే ఉంది. రౌండ్లన్నీ పూర్తయ్యాక రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ఏ అభ్యర్థికి మొత్తం ఎన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20లో రాసి చదువుతారు. చదివిన తర్వాత, ఆ ఫారం మీద సంతకం పెట్టకముందు, మీకు అడిగే హక్కు ఉంటుంది. అభ్యర్థి గానీ, ఆయన లేకపోతే ఎన్నికల ఏజెంటు గానీ, కౌంటింగ్ ఏజెంటు గానీ రాతపూర్వకంగా ఇవ్వాలి. అందుకు తగినంత సమయం ఇవ్వాల్సిన బాధ్యత ఆర్వోది. సంతకం పడిందంటే ఆ తలుపు మూసుకున్నట్టే. తర్వాత ఇచ్చిన దరఖాస్తు తీసుకోరు.

ఆ కాసేపట్లో హాలు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. బయట గెలిచినవాళ్ల డప్పులు మొదలవుతాయి. మన ఏజెంట్లలో సగం మంది మొహం చూపించలేక అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. అభ్యర్థి ఫోన్ స్విచ్ ఆఫ్. తెల్లకాగితం కోసం, పెన్ను కోసం వెతుక్కుంటాం. అందుకే పొద్దున లోపలికి వెళ్లేటప్పుడే దరఖాస్తు నమూనా రాసుకుని, అంకెల జాగా ఖాళీగా ఉంచుకుని వెళ్లమని చెబుతాను.

దాంట్లో "మాకు అనుమానంగా ఉంది, మళ్లీ లెక్కించండి" అని రాస్తే ఆర్వో కొట్టేస్తారు, కొట్టేసే అధికారం ఆయనకు ఉంది. "ఫలానా పోలింగ్ కేంద్రం, 7వ రౌండ్, 14వ టేబుల్, 17సీలో 812 ఉంది, యంత్రంలో 821 చూపించింది" అని రాయండి. ఇలా రాస్తే దాన్ని తోసేయాలన్నా ఆయన కారణం రాయక తప్పదు, ఎందుకంటే నిర్ణయం ఏదైనా కారణాలతో రాతలో ఇవ్వాలని నియమం. ఆ కాగితం ముక్కే రేపు హైకోర్టులో మీకు ఆధారం.

17సీ అంటున్నారు, అదేమిటి?

పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే లెక్క కాగితం ఫారం 17సీ. యంత్రం నంబరు, సీళ్ల నంబర్లు కూడా అందులోనే ఉంటాయి. దాని నకలు అక్కడున్న పోలింగ్ ఏజెంటుకు ఇస్తారు. కౌంటింగ్ రోజు యంత్రం చూపించే మొత్తం దీనితో సరిపోవాలి.

ఒకసారి నేను కూర్చున్న టేబుల్‌కు రావాల్సిన బూత్‌ల నకళ్లను మా పోలింగ్ ఏజెంటు చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. చెమటకు మడత దగ్గర ఇంకు పాకిపోయింది. మొత్తం ఓట్ల గడిలో మధ్య అంకె 6 అనుకోవాలా 0 అనుకోవాలా తేలలేదు. జాలీ అవతల కౌంటింగ్ అసిస్టెంట్ కంట్రోల్ యూనిట్‌ను, అంటే ఈవీఎంలో ఓట్ల లెక్క చూపించే భాగాన్ని, మావైపు తిప్పి పట్టుకుని అడుగుతున్నాడు, "రాసుకున్నారా సార్?" అని. నేను ఆ కాగితాన్ని ట్యూబ్‌లైట్‌కు ఎత్తి చూస్తూనే ఉన్నాను. ఆ బూత్ మీద మేం ఏమీ మాట్లాడలేకపోయాం. అప్పటి నుంచి మా వాళ్లందరికీ ఒకటే మాట: పోలింగ్ రాత్రే ప్రతి 17సీని ఫొటో తీసి ఒకచోట చేర్చండి, అసలు నకలు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి.

ఈవీఎంలో మళ్లీ లెక్కించడానికి ఏముంటుంది? మీట నొక్కితే అదే అంకె వస్తుంది కదా?

వస్తుంది. అందుకే గొడవ ఎక్కువగా యంత్రంలో ఉండదు, యంత్రం చుట్టూ ఉంటుంది. టేబుల్ దగ్గర చదివిన అంకెను కాగితం మీదికి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పొరపాటు జరగవచ్చు. ఇద్దరు అభ్యర్థుల ఓట్లు ఒకరివి ఒకరి గడిలో పడవచ్చు. పొద్దున పరీక్ష కోసం వేసిన మాక్ పోల్ ఓట్లు చెరపకుండానే అసలు పోలింగ్ మొదలుపెట్టిన బూత్ ఉండవచ్చు. అలాంటి యంత్రాన్ని, 17సీతో లెక్క కుదరని యంత్రాన్ని పక్కన పెడతారు. గెలుపు తేడా కంటే వాటిలో పడ్డ ఓట్లు ఎక్కువైతే, వాటి వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో చూపిస్తూ అచ్చయ్యే కాగితాలు) లెక్కించాలి. పక్కన పెట్టిన యంత్రాల నంబర్లు రాసుకోని ఏజెంటు అంతసేపు కూర్చుని ఫలితం లేదు.

పోలైనవన్నీ కాకుండా ఐదు వీవీప్యాట్‌లే ఎందుకు లెక్కిస్తారు?

చంద్రబాబు నాయుడు, మరికొన్ని పార్టీల నాయకులు వేసిన కేసులో 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఐదు పోలింగ్ కేంద్రాల చీటీలు లెక్కించమంది. అంతకుముందు ఒక్కటే ఉండేది. ఆ ఐదింటినీ లాటరీ తీసి ఎంచుతారు. అన్నీ లెక్కించాలన్న వాదనను 2024 ఏప్రిల్ 26న కోర్టు ఒప్పుకోలేదు.

అయితే అవే ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 56డి నియమం కింద ఫలానా బూత్ చీటీలు లెక్కించమని అభ్యర్థి రాసి అడగవచ్చు. అనుమతించడం, మానడం ఆర్వో ఇష్టం, కారణం మాత్రం రాయాలి. చీటీల లెక్కకూ యంత్రం లెక్కకూ తేడా వస్తే చీటీల లెక్కే నిలుస్తుంది. చాలామంది ఏజెంట్లకు ఈ సంగతి తెలియదు.

2024 తీర్పుతో ఇంకో వెసులుబాటు వచ్చింది. రెండో, మూడో స్థానాల్లో ఉన్న అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే, సెగ్మెంట్‌కు 5 శాతం యంత్రాల చిప్‌లను కంపెనీ ఇంజనీర్లు తనిఖీ చేస్తారు. ఖర్చు అడిగినవాళ్లే పెట్టుకోవాలి, తేడా తేలితే వాపసు ఇస్తారు. ఏడు రోజులు, గుర్తుంచుకోండి.

పోస్టల్ ఓట్ల మీద ఇంత రభస ఎందుకు?

ఎందుకంటే అక్కడ ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో మనిషి నిర్ణయిస్తాడు. ఎన్నికల డ్యూటీలో ఉన్న టీచరమ్మ, సరిహద్దులో ఉన్న జవాను, మంచం దిగలేని ముసలాయన, వీళ్ల ఓటు కవర్లో వస్తుంది. లోపలి కవరు, దాంతోపాటు డిక్లరేషన్, దాని మీద సంతకం, ధ్రువీకరణ. వీటిలో ఒక్కటి సరిగా లేకపోయినా లోపలి ఓటును తెరవకుండానే పక్కన పెడతారు. ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన పంతులు ఓటు డిక్లరేషన్ మీద గెజిటెడ్ సంతకం లేదని పక్కకు పోవడం నేను చూశాను. మనసు చివుక్కుమంది.

తమిళనాడులోని రాధాపురంలో 2016లో సరిగ్గా ఇదే గొడవ. తేడా 49 ఓట్లు. హెడ్మాస్టర్ ధ్రువీకరించారన్న కారణంతో తీసేసిన పోస్టల్ ఓట్లను లెక్కించమని మద్రాసు హైకోర్టు ఆదేశించడానికి 2019 అక్టోబర్ దాకా పట్టింది. లెక్కించాక ఫలితం బయటపెట్టకుండా సుప్రీంకోర్టు ఆపింది. కేరళలోని పెరింతల్‌మన్నలో 2021లో తేడా 38 ఓట్లే, లెక్కించకుండా పక్కన పెట్టిన పోస్టల్ ఓట్లు 348. అక్కడ కేసు నడుస్తుండగా ఓట్ల పెట్టె ఒకటి కనిపించకుండా పోయి, వేరే ఆఫీసులో దొరికింది. చివరికి 2024లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది.

గెలుపు తేడా కంటే చెల్లవన్న పోస్టల్ ఓట్లు ఎక్కువగా ఉంటే, ఫలితం ప్రకటించకముందే వాటన్నిటినీ మళ్లీ పరిశీలించాలని ఎన్నికల కమిషన్ సూచనల్లో ఉంది. కాబట్టి పోస్టల్ టేబుల్ దగ్గర మీ పార్టీలో అందరికంటే చదువుకున్న మనిషిని, ఓపికగల మనిషిని కూర్చోబెట్టండి. మనవాళ్లు అక్కడ ఎవరో ఒక కుర్రాడిని పెట్టి, పెద్దలంతా ఈవీఎంల దగ్గరికి పరుగెత్తుతారు.

ఎన్ని రోజుల్లో కేసు వేయాలి?

ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లోపు. ఒక్క రోజు దాటినా కేసు లేదు. మామూలు దావాల్లోలాగా ఆలస్యానికి కారణం చెప్పుకుని మన్నింపు అడగడం ఇందులో కుదరదని సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది.

మన రాష్ట్రంలో గత రెండు అసెంబ్లీ ఎన్నికల ఫలితాలూ డిసెంబర్‌లోనే వచ్చాయి. 2023లో డిసెంబర్ 3న వస్తే గడువు జనవరి 17తో అయిపోయింది. లెక్క వేసుకోండి: మొదటి వారం దిగులులో పోతుంది, రెండో వారం "ఎందుకన్నా ఇవన్నీ" అనే బంధువులతో పోతుంది, ఆ తర్వాత కొత్త సంవత్సరం, సంక్రాంతి. సంక్రాంతి అయ్యాక చూద్దాం అన్నవాళ్లకు చూడటానికి ఏమీ మిగలదు. సీసీటీవీ దృశ్యాలు కూడా, కేసు వేయకపోతే 45 రోజుల తర్వాత తీసేయవచ్చని కమిషన్ 2025 మేలో చెప్పింది.

ఎవరు వేయవచ్చు? ఎక్కడ? ఎంత ఖర్చు?

పోటీ చేసిన ఏ అభ్యర్థి అయినా, ఆ నియోజకవర్గంలో ఓటు హక్కున్న ఎవరైనా వేయవచ్చు. ఓటు వేసి ఉండాలని కూడా లేదు. వరంగల్ జిల్లా కోర్టులో కుదరదు, హైదరాబాద్‌లోని హైకోర్టులోనే వేయాలి. వకీలు చేతికి ఇచ్చి పంపితే చాలదు, పిటిషనర్ స్వయంగా వెళ్లి ఇవ్వాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంతమంది ప్రతివాదులుంటే అన్ని నకళ్లు, ప్రతి నకలు మీద నిజప్రతి అని మీ సంతకం. డిపాజిట్ రూ. 2,000. వకీళ్ల ఫీజు, రాకపోకలు దానికి ఎన్నో రెట్లు అవుతాయి.

ఎన్నిక రద్దు చేయమని మాత్రమే అడిగితే గెలిచిన అభ్యర్థిని ప్రతివాదిగా పెడితే సరిపోతుంది. నన్నే గెలిచినట్టు ప్రకటించమని కూడా అడిగితే, పోటీలో ఉన్న అందరినీ చేర్చాలి, నూరు ఓట్లు వచ్చిన ఇండిపెండెంట్‌తో సహా. ఒక్క పేరు వదిలేసినా పిటిషన్ మొదట్లోనే కొట్టేస్తారు.

కలెక్టర్ మీదో, ఎన్నికల కమిషన్ మీదో రిట్ వేస్తే త్వరగా తేలదా?

తేలదు. ఎన్నికను ఎలక్షన్ పిటిషన్ ద్వారా తప్ప ఇంకో దారిలో ప్రశ్నించకూడదని రాజ్యాంగంలోని 329వ అధికరణంలోనే ఉంది. 1952లో పొన్నుస్వామి కేసు నుంచి కోర్టులు ఇదే చెబుతున్నాయి. అధికారులను ప్రతివాదులుగా చేర్చడం కూడా కుదరదు. వాళ్లను సాక్షులుగా పిలిపించవచ్చు.

కోర్టు యంత్రాలు తెప్పించి మళ్లీ లెక్కించిన సందర్భం ఉందా?

ఉంది. హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లఖూ అనే ఊళ్లో 2022 నవంబర్‌లో సర్పంచ్ ఎన్నిక జరిగింది. ఒక బూత్‌లో అంకెలు తారుమారయ్యాయని ఓడిన అభ్యర్థి పోరాడాడు. 2025లో సుప్రీంకోర్టు ఆ ఊరి యంత్రాలను ఢిల్లీకి తెప్పించి, తన రిజిస్ట్రార్ చేత లెక్కింపచేసింది. అతనికి 1,051, అప్పటిదాకా సర్పంచ్‌గా ఉన్నాయనకు 1,000. ఫలితం తిరగబడింది. దాదాపు మూడేళ్లు పట్టింది గానీ ఆ ఊరి ఓటు ఆ ఊరికి దక్కింది. చండీగఢ్ మేయర్ ఎన్నికలో అయితే 8 బ్యాలెట్లు చెల్లవని ప్రిసైడింగ్ అధికారి తీసేస్తే, సుప్రీంకోర్టు వీడియో చూసి, బ్యాలెట్లు కోర్టు హాల్లోనే పరిశీలించి, 2024 ఫిబ్రవరి 20న అసలు విజేతను ప్రకటించింది.

ఇవి చూసి మన కేసులోనూ అలాగే జరుగుతుందని అనుకోకండి. మన ఓటు రహస్య ఓటు. దాని మూట విప్పడానికి కోర్టులు అంత తేలిగ్గా ఒప్పుకోవు. ఏదైనా దొరుకుతుందేమో వెతుకుదామని వచ్చినవాళ్లకు పెట్టె తెరవబోమని 1964 నుంచి చెబుతూనే ఉన్నాయి. ముంబై వాయవ్య లోక్‌సభ స్థానంలో 2024లో 48 ఓట్ల తేడా, అయినా పిటిషన్ అదే ఏడాది డిసెంబర్‌లో బాంబే హైకోర్టు కొట్టేసింది.

ధర్మపురి స్ట్రాంగ్‌రూమ్ తాళాల సంగతి నిజమేనా?

నిజమే. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ లెక్కింపులో అవకతవకలు జరిగాయని హైకోర్టుకు వెళ్లారు. ఫలితం వచ్చింది 2018 డిసెంబర్‌లో, స్ట్రాంగ్‌రూమ్ తెరిచి కాగితాలు తెమ్మని కోర్టు చెప్పింది 2023లో. ఆ ఏప్రిల్‌లో జగిత్యాల జిల్లా నూకపల్లిలోని కాలేజీలో ఉన్న ఆ గది దగ్గరికి వెళ్తే తాళాలు దొరకలేదు. తర్వాత కోర్టు అనుమతితో తాళం పగలగొట్టారు.

ఆరోపణలు నిజమా కాదా అనే మాట ఇక్కడ పక్కన పెడుతున్నాను. ఒక నియోజకవర్గం మొత్తం వేసిన ఓట్ల కాగితాలున్న గదికి తాళంచెవి ఎవరి దగ్గరుందో నాలుగేళ్ల తర్వాత చెప్పగలిగేవాళ్లు లేకపోవడం ఓడినవారికే కాదు, గెలిచినవారికి కూడా అన్యాయం. సీలు వేసేటప్పుడు అభ్యర్థులు, ఏజెంట్లు దగ్గరుండి సంతకాలు పెట్టవచ్చు. మనవాళ్లు ఆ టైముకు ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ ఒక్క గంట ఉండండి.

కేసు తేలేదాకా గెలిచినాయన ఎమ్మెల్యేగా ఉంటారా? ఎన్నేళ్లు పడుతుంది?

ఉంటారు. ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. నేను చూసినవి ఏవీ ఆరు నెలల్లో ముగియలేదు. 2018 కొత్తగూడెం కేసు, అది అఫిడవిట్ వివరాల మీద, 2023 జూలై 25న తేలింది. జలగం వెంకట్రావును గెలిచినట్టు ప్రకటించారు. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. వేములవాడలో చెన్నమనేని రమేష్ పౌరసత్వం గొడవ 2009లో మొదలై 2024 డిసెంబర్ తీర్పు దాకా సాగింది. ఆలోపు ఆయన నాలుగుసార్లు గెలిచారు.

ధర్మపురిలో కేసు వేసిన లక్ష్మణ్ కుమార్ 2023లో ప్రజల దగ్గరికే వెళ్లి గెలిచారు. అడిగినవాళ్లకు నేను ఇది దాచకుండా చెబుతాను. కోర్టుకు వెళ్తే ఐదేళ్ల పదవి దక్కుతుందన్న ఆశతో వెళ్లకండి. నిజం రికార్డులోకి ఎక్కాలన్న పట్టుదల ఉంటే వెళ్లండి.

హైకోర్టులో ఓడితే?

30 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు. ఆసిఫాబాద్‌లో కోవ లక్ష్మి 2023 ఎన్నిక మీద వచ్చిన అప్పీలు 2025 ఆగస్టులో అక్కడే ముగిసింది. అది కూడా ఓట్ల లెక్క గురించి కాదు, ఆదాయ వివరాల గురించి.

ఓట్లు సమానమైతే?

లాటరీ. చీటీలో పేరు వచ్చినవారికి ఒక ఓటు కలిసినట్టు లెక్క.

మా ఊళ్లో సర్పంచ్ ఎన్నిక. రెండు ఓట్లతో ఓడిపోయాం. పైవన్నీ మాకూ వర్తిస్తాయా?

కొన్నే. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కింద, పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జరుగుతాయి. మన దగ్గర ఈవీఎం ఉండదు, సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు మెంబరుకు తెల్లది. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగిస్తారు, రెండు గంటలకు లెక్కింపు. వివాదం ఎక్కువగా ముద్ర గురించే: రెండు గుర్తుల మధ్య గీత మీద పడిందనో, మడిచినప్పుడు సిరా అటువైపు అంటుకుందనో. అలాంటి బ్యాలెట్ కనబడగానే అభ్యంతరం నోటితో కాదు, కాగితం మీద చెప్పండి. కట్టలో కలిసిపోయాక దాన్ని మళ్లీ గుర్తుపట్టలేం.

పిటిషన్ హైకోర్టుకు కాదు, ట్రిబ్యునల్‌గా కూర్చునే సివిల్ కోర్టు జడ్జి దగ్గర వేయాలి. అసెంబ్లీకి ఉన్న 45 రోజుల లెక్క ఇక్కడ పెట్టుకుని కూర్చోవద్దు. గెలిచినాయన ఊరేగింపు ఊళ్లో తిరుగుతుండగానే మీరు మీ బ్యాలెట్ లెక్కల కాగితం, అభ్యంతరం నకలు, ఏజెంటు గుర్తింపు కార్డు ఒక కవర్లో పెట్టుకుని, మర్నాడు పొద్దున మొదటి బస్సుకు వకీలు దగ్గరికి బయల్దేరండి.